ఎనభై ఏళ్ల లియర్: గ్లెండా జాక్సన్ వాచికం మీద ఒక కేస్ స్టడీ

పోయిన ఏడాది ఉగాది వెళ్లాక ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వయసు 61. ఒకప్పుడు పరిషత్తు నాటకాల్లో పేరున్న నటి. ఇంట్లో బీరువా మీద ఇప్పటికీ రెండు ఉత్తమ నటి షీల్డులు ఉన్నాయట. తర్వాత ఉద్యోగం, పిల్లలు, బదిలీలు. 24 ఏళ్లు వేదిక ఎక్కలేదు. పదవీ విరమణ అయ్యాక పాత నాటక సమాజం వాళ్లు కబురు పెట్టారు, కొత్త నాటకంలో నాయనమ్మ వేషం ఉంది, వేస్తారా అని. కుర్చీలో కూర్చోకముందే ఆవిడ అన్న మాట: "నా గొంతు పోయింది మాస్టారూ."

నేను రంగస్థల నటులకు వాచికం, అంటే వేదిక మీద మాట పలికే విద్య, నేర్పుతాను. ఈ మాట నాకు కొత్త కాదు. చాలాకాలం వేదికకు దూరమైనవాళ్లను పరీక్షిస్తే కనిపించేవి ఇవి: వాక్యం చివరిదాకా ఊపిరి నిలవదు, చివరి మాటను మింగేస్తారు, హాల్లో వెనక వరుస ఉందన్న సంగతి మరిచిపోయి ఎదురుగా ఉన్న మనిషికి మాత్రమే వినిపించేట్టు మాట్లాడతారు. అన్నీ సరిచేయగలిగినవే. ఆ సంగతి చెబితే ఆవిడ నమ్మేట్టు లేరు. అందుకని నా నోటు పుస్తకంలో చాలాకాలంగా ఉన్న ఒక కేసు బయటికి తీశాను.

బ్రిటిష్ నటి గ్లెండా జాక్సన్. రెండు ఆస్కార్లు ఉన్న మనిషి, 1992లో నటన మానేసి పార్లమెంటుకు వెళ్లారు. 23 ఏళ్లు ఒక్క వేషం కట్టలేదు. 2015లో రాజకీయాల నుంచి బయటికి వచ్చి, 2016 చివర్లో లండన్‌లోని ఓల్డ్ విక్ థియేటర్‌లో షేక్‌స్పియర్ నాటకం కింగ్ లియర్ వేశారు. అందులోని ముసలి రాజు లియర్ కూతుళ్లలో ఒకరిగా కాదు, లియర్‌గానే. అప్పటికి ఆమెకు 80. ఏడు వందలకు పైగా పంక్తులు, తుఫానులో అరుపులు, ఆఖర్న కూతురి శవం మీద ఏడుపు. నలభైల్లో ఉన్న మగ నటులే జంకే పాత్ర అది.

ఆ ప్రదర్శనను నేను థియేటర్లో కూర్చుని చూడలేదు. నాకు ఆధారం ఆమె పాత సినిమాలు, టీవీ నాటకాలు, పార్లమెంటు ప్రసంగాల రికార్డింగులు, ఆమె ఇచ్చిన ఇంటర్వ్యూలు, అప్పటి సమీక్షలు. నాకు కావలసిన ప్రశ్నకు అవి చాలు: అన్నేళ్లు మూలన పెట్టిన వీణ తీగ తెగకుండా ఎలా పలికింది?

తాపీ మేస్త్రి కూతురు

1936 మే 9న, లివర్‌పూల్‌కు నది అవతల ఉన్న బర్కెన్‌హెడ్‌లో పుట్టారు. తండ్రి తాపీ మేస్త్రి. తల్లి దుకాణాల్లో పని చేసేవారు, ఇళ్లు శుభ్రం చేసేవారు. నలుగురు ఆడపిల్లల్లో ఈమె పెద్దది. గ్లెండా ఫారెల్ అనే హాలీవుడ్ నటి మీద ఇష్టంతో తల్లి ఆ పేరు పెట్టారు. పదహారేళ్లకే చదువు ఆపి బూట్స్ మందుల దుకాణంలో రెండేళ్లు పని చేశారు. సాయంత్రాలు ఊళ్లోని ఔత్సాహిక బృందంతో నాటకాలు. ఎవరో పురమాయిస్తే రాడాకు, అంటే లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌కు, దరఖాస్తు పెట్టారు. 1954లో స్కాలర్‌షిప్పుతో సీటు వచ్చింది.

అక్కడి ప్రిన్సిపాల్ చెప్పిన జోస్యాన్ని ఆమె జీవితాంతం చెప్పుకున్నారు: నీది నాయిక ముఖం కాదు, క్యారెక్టర్ నటివి, నలభై దాటేదాకా పెద్దగా పని దొరుకుతుందని ఆశ పెట్టుకోకు. జోస్యం తప్పింది, అది వేరే సంగతి. కానీ ఇరవై ఏళ్ల పిల్లకు ఆ మాట ఒక మేలు చేసిందని నా అనుమానం. అందంగా కనిపించాలి, ముద్దుగా వినిపించాలి అన్న బరువు మొదట్లోనే దిగిపోయింది. ఆమె గొంతులో ప్రేక్షకుణ్ణి బుజ్జగించే తీపి ఏ దశలోనూ వినపడదు. మా వృత్తిలో ఆ తీపిని వదిలించడానికే సగం కాలం గడిచిపోతుంది.

1957లో వర్తింగ్ అనే సముద్ర తీరపు ఊళ్లో వృత్తి నటిగా మొదటి వేషం. తర్వాత ఆరేళ్లు రెపర్టరీ కంపెనీలు. అంటే రాత్రి ఒక నాటకం ఆడుతూ, పగలు వచ్చే నాటకానికి రిహార్సల్ చేస్తూ, ఊళ్లు తిరిగే బతుకు. మన సురభి వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మధ్య మధ్య వేషాలు లేని నెలలు, దొరికిన చిల్లర ఉద్యోగాలు. 1963లో ఒక సినిమాలో రెప్పపాటు కనిపించే పాత్ర. 27 ఏళ్లు వచ్చినా పేరు ఎవరికీ తెలియదు.

1964: ఒకే మాట, వేరే మనిషి

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడ.

రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ తరఫున పీటర్ బ్రూక్, చార్ల్స్ మారోవిట్జ్ కలిసి ఒక ప్రయోగ బృందం కట్టారు. ఫ్రెంచ్ రంగస్థల చింతకుడు ఆంటోనిన్ ఆర్తో ఆలోచనల నుంచి పుట్టింది కనుక దానికి క్రూర రంగస్థలం అని పేరు పెట్టుకున్నారు. పేరు చూసి కంగారు పడనక్కర్లేదు. అక్కడ జరిగింది చాలావరకు కసరత్తు. నటుల ఎంపికే వింతగా ఉండేది. నటుడు తనకు బాగా వచ్చిన రెండు నిమిషాల డైలాగు చెప్పాలి. తర్వాత అదే డైలాగును, ఒక్క మాట మార్చకుండా, వేరే పాత్రగా, వేరే పరిస్థితిలో చెప్పమంటారు. ఆ తర్వాత రెంటి మధ్య అటూ ఇటూ దూకమంటారు. బట్టీ పట్టిన రాగం అక్కడే బయటపడి కూలిపోతుంది.

గ్లెండా జాక్సన్ ఆ బృందంలోకి ఎంపికయ్యారు. 1964 జనవరిలో వాళ్లు చూపించిన అంశాల్లో ఒకటి ఆమె కోసమే అన్నట్టు ఉంటుంది. అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వాన్ని కుదిపేసిన కుంభకోణంలోని యువతి క్రిస్టీన్ కీలర్‌ను వేదిక మీద బట్టలు విప్పించి, స్నానం చేయించి, జైలు దుస్తులు తొడిగిస్తారు. ఆ క్రమంలో వినిపించిన మాటలే మళ్లీ వినిపిస్తాయి, ఈసారి ఆమె, భర్త అంత్యక్రియలకు వచ్చిన జాక్వెలిన్ కెనడీ. కెనడీ హత్య జరిగి అప్పటికి రెండు నెలలు. మాటలు అవే, మనిషి వేరు, అర్థం వేరు.

ఈ కసరత్తును నేను పదిహేనేళ్లుగా తెలుగులో చేయిస్తున్నాను. "అన్నం తిన్నావా" అన్న రెండు మాటలను తల్లిగా, అప్పుల వాడిగా, పోలీసుగా చెప్పించండి. గొంతు మార్చి గట్టెక్కాలని చూసేవాడు మూడోసారికి దొరికిపోతాడు. ఉద్దేశం మార్చేవాడు నిలబడతాడు.

అదే ఏడాది ఆగస్టులో, అదే బృందం అనుభవంతో, పీటర్ వైస్ నాటకం మారా-సాద్. ఫ్రెంచ్ విప్లవ నాయకుడు మారా హత్యను పిచ్చాసుపత్రి రోగులు నాటకంగా ఆడతారు. మారాను పొడిచే షార్లట్ కోర్డే పాత్రను ఆసుపత్రిలో నిద్ర జబ్బు ఉన్న ఒక రోగి వేస్తుంది. ఆ రోగిని గ్లెండా వేశారు. అంటే నటి, రోగి, హంతకి, మూడు పొరలు. మాట మధ్యలో నిద్ర కమ్ముకొస్తుంది, మళ్లీ మెలకువ వచ్చి వాక్యం అందుకోవాలి. రోగులతో ఆ నాటకం ఆడించే రచయిత సాద్‌ను కొరడాతో కొట్టే ఘట్టంలో బ్రూక్ కొరడా తీసేశారు. ఆమె తన పొడవాటి జుట్టుతో కొట్టారు. 1965 చివర్లో నాటకం న్యూయార్క్ వెళ్లింది, 1967లో సినిమా అయింది. ఆ సుదీర్ఘ ప్రదర్శనలంటే తనకు ఒళ్లు మండేదని ఆమె తర్వాత దాచకుండా చెప్పారు. నేర్చుకున్నది మాత్రం ఎటూ పోలేదు.

1965లో షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో నాయిక ఒఫీలియా వేస్తే, హామ్లెట్ వేయడానికి సిద్ధంగా ఉన్న ఒఫీలియాను ఇప్పుడే చూస్తున్నానని పెనెలొపీ గిలియట్ అనే విమర్శకురాలు రాశారు. మెచ్చుకోలు అనుకోండి, ఎత్తిపొడుపు అనుకోండి. యాభై ఏళ్ల తర్వాత లియర్ వేసిన మనిషి గురించిన మాట అది.

ముసలితనానికి వణుకు అక్కర్లేదు

1971లో బీబీసీ ఎలిజబెత్ ఆర్ అనే ధారావాహిక తీసింది. ఆరు భాగాలు, ఒక్కోటి దాదాపు గంటన్నర. మొదటి ఎలిజబెత్ రాణి పడుచుతనం నుంచి 69వ ఏట మరణం దాకా అంతా గ్లెండాయే. అప్పుడు ఆమె వయసు 34. నుదుటి మీద జుట్టు గొరిగించుకున్నారు, పక్కకు కూర్చుని గుర్రపు స్వారీ నేర్చుకున్నారు, విలువిద్య నేర్చుకున్నారు. ఇవి ఆహార్యం (వేషధారణ), ఆంగికం (ఒంటి కదలిక). పత్రికలకు రుచించే వివరాలు.

నాకు కావలసింది వాచికం. నా తరగతిలో మొదటి భాగం నుంచి పది నిమిషాలు, ఆరో భాగం నుంచి పది నిమిషాలు తెర కట్టేసి వినిపిస్తాను. మొదటి దానిలో ఆమె ప్రాణభయం ఉన్న రాకుమారి. విచారణకు వచ్చినవాళ్లకు జవాబులు చకచకా వస్తాయి, ప్రతి మాటా తూచినట్టు ఉంటుంది. ఆరో దానిలో మాటకూ మాటకూ మధ్య జాగా పెరుగుతుంది, గొంతు ఎండుతుంది, కిందికి దిగుతుంది. కానీ హల్లులు మాత్రం మొదటి రోజు ఎంత పదునో చివరి రోజూ అంతే. వణుకు లేదు, దగ్గు లేదు.

మన వేదిక మీద నాయనమ్మ అనగానే నడుం వంగుతుంది, కర్ర వస్తుంది, గొంతు వణుకుతుంది. ప్రేక్షకుడికి వయసు తెలియాలి కదా అంటారు. వయసు తెలుస్తుంది, మాట తెలియదు. నేను చూసిన నిజమైన తొంభై ఏళ్ల వాళ్లలో వణికే గొంతులు తక్కువే. ఊపిరి చాలక చిన్న వాక్యాలు మాట్లాడేవాళ్లు, చెవి వినపడక గట్టిగా మాట్లాడేవాళ్లు, ఎవరేమనుకుంటారన్న చింత తీరిపోయి మొహమాటం లేకుండా మాట్లాడేవాళ్లు, వీళ్లే ఎక్కువ.

ఆ ధారావాహికకు రెండు ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ బహుమతులు, వచ్చాయి. అదే ఏడాది వెనెస్సా రెడ్‌గ్రేవ్ పక్కన మేరీ, క్వీన్ ఆఫ్ స్కాట్స్ సినిమాలోనూ ఆమెదే ఎలిజబెత్ వేషం.

మిగతా ఇరవై ఏళ్లు గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే ఆమె గురించి ఎక్కడ రాసినా ఆ భాగమే రాస్తారు. కెన్ రస్సెల్ తీసిన విమెన్ ఇన్ లవ్‌కు మొదటి ఆస్కార్. షూటింగు సమయానికి ఆమె గర్భిణి. 1971లో సండే బ్లడీ సండే. అదే ఏడాది మోర్‌కంబ్ అండ్ వైజ్ అనే టీవీ హాస్య జంట దగ్గర క్లియోపాత్రాగా నవ్వించారు. అది చూసిన దర్శకుడు మెల్విన్ ఫ్రాంక్ ఏ టచ్ ఆఫ్ క్లాస్ అనే హాస్య చిత్రంలో తీసుకున్నారు, దానికి రెండో ఆస్కార్. రెండుసార్లూ ఆమె వేడుకకు వెళ్లలేదు. ఆ బొమ్మలను తల్లికి ఇచ్చేశారు. తల్లి వాటిని తుడిచి తుడిచి బంగారు పూత లేచిపోయేట్టు చేశారని నవ్వుతూ చెప్పేవారు. వేదిక మాత్రం వదల్లేదు: ఇబ్సెన్ హెడ్డా, 1978లో మళ్లీ బ్రూక్ దర్శకత్వంలో క్లియోపాత్రా, 1984లో యూజీన్ ఓనీల్ స్ట్రేంజ్ ఇంటర్‌లూడ్, 1986లో లోర్కా నాటకం ద హౌస్ ఆఫ్ బెర్నార్డా ఆల్బా. ఈ చివరి దాని దర్శకురాలు స్పెయిన్ నటి నూరియా ఎస్పెర్ట్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

సరైన వెలుతురు లేని నాటకశాల

1987లో ప్రధాని మార్గరెట్ థాచర్ ఒక పత్రికతో, సమాజమంటూ ఏదీ లేదు అన్నారు. ఆ మాట చదివిన కోపంలో మూసి ఉన్న అద్దాల తలుపును చూసుకోకుండా నడిచి ముక్కు పగలగొట్టుకున్నంత పని చేశానని గ్లెండా చెప్పారు. ఆ ప్రభుత్వాన్ని దించడానికి చట్టం ఒప్పుకునే పని ఏదైనా చేస్తానని లేబర్ పార్టీ తరఫున నిలబడ్డారు. 1992 ఎన్నికల్లో హాంప్‌స్టెడ్ అండ్ హైగేట్ నుంచి గెలిచారు. తమాషా ఏమిటంటే థాచర్ అప్పటికే దిగిపోయారు, అయినా దేశంలో గెలిచింది కన్జర్వేటివ్ పార్టీయే.

మనకు సినిమా నుంచి రాజకీయాలు అనగానే 1982 గుర్తొస్తుంది. ఎన్.టి. రామారావు పార్టీ పెట్టినప్పుడు ఆయన తెర రూపమూ, పౌరాణిక వాచికమూ చైతన్య రథం ఎక్కి ఊరూరా తిరిగాయి. ఆ తర్వాత కూడా ఆయన ముఖానికి రంగు వేసుకున్నారు. గ్లెండా దారి దానికి పూర్తిగా వ్యతిరేకం. వేషాన్ని గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లారు. బస్సులు, ఇళ్లు, పింఛన్లు, నియోజకవర్గం వాళ్ల ఉత్తరాలు. 1997లో లేబర్ ప్రభుత్వం వచ్చాక రెండేళ్లు రవాణా శాఖలో జూనియర్ మంత్రి. లండన్ మేయర్ అభ్యర్థిత్వం కోసం పదవి వదిలారు, అది దక్కలేదు. ఇరాక్ యుద్ధం మీద సొంత పార్టీ ప్రధానితోనే తగాదా. 2010లో నెగ్గింది 42 ఓట్లతో.

పార్లమెంటు దిగువ సభ, కామన్స్, ఎలా ఉందని అడిగితే ఆమె రంగస్థలం భాషలోనే జవాబు చెప్పేవారు: రిహార్సల్ చాలదు, లైటింగు ఘోరం, శబ్దం అంతకంటే ఘోరం.

నా వృత్తికి ఈ మాట బంగారం. ఆలోచించండి: 23 ఏళ్లు, ఎదురు వరుసలో మాట్లాడనివ్వకూడదనే కూర్చున్న జనం, అరుపులు, వెక్కిరింతలు. వాక్యం పూర్తి చేయాలంటే ఊపిరి ఉండాలి, చివరి మాట రికార్డుకు ఎక్కాలంటే స్పష్టత ఉండాలి. 2013 ఏప్రిల్ 10న, థాచర్ మరణం మీద సంతాప సభలో ఆమె లేచి, ఆ పాలన జనానికి చేసిన కీడు ఏమిటో ఏకరువు పెట్టారు. ఆమె ఆడది కావచ్చు, నా లెక్కలో కాదు అని ముగించారు. ఎదుటి బెంచీలు గోల చేశాయి. స్పీకర్ మాత్రం అందులో సభా మర్యాదకు విరుద్ధమైనది ఏదీ లేదన్నారు.

ఆ రికార్డింగును రాజకీయం పక్కన పెట్టి వినండి. గోల పెరిగినప్పుడు ఆమె స్థాయి పెంచరు. వేగం తగ్గిస్తారు. ఒక్కో హల్లును మేకు కొట్టినట్టు కొడతారు. గోలే అలిసిపోతుంది. అప్పుడు ఆమె వయసు 76. నటన మాని 21 ఏళ్లు. వాచికం మానలేదు, అదీ నేను పట్టుకున్న పాయింటు. వీణను మూలన పెట్టలేదు; కచేరీలు మాని, రోజూ సంతలో వాయించారు.

లియర్

2015 ఎన్నికల్లో నిలబడలేదు. అదే ఏడాది నవంబరులో బీబీసీ రేడియోలో ఎమిల్ జోలా నవలల నాటకీకరణలో 104 ఏళ్ల డీడ్ అనే ముసలమ్మ పాత్ర. తిరిగి రావడానికి ఆమె ఎంచుకున్న మొదటి మెట్టు రేడియో. మొహం లేదు, వంటి బరువు లేదు, గొంతు ఒక్కటే. నేనైతే ఎవరికైనా ఇదే వరస చెప్తాను.

బార్సిలోనా వెళ్లి పాత స్నేహితురాలు నూరియా ఎస్పెర్ట్ ఆడిన లియర్ చూశారు. ఒక ఆడమనిషి, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, లియర్ వేసింది, వేయగలిగింది. ఓల్డ్ విక్‌లో డెబొరా వార్నర్ దర్శకత్వంలో ఈమె లియర్‌కు బీజం అక్కడ పడింది. లియర్ కూతుళ్లు గోనెరిల్‌గా సీలియా ఇమ్రీ, రీగన్‌గా జేన్ హొరాక్స్, విదూషకుడిగా రీస్ ఇఫాన్స్. సర్వనామాలు మార్చి లియర్‌ను రాణిని చేయలేదు. రాజు రాజుగానే ఉన్నాడు. మగవాళ్లు స్త్రీ పాత్రల్లో ఒదిగిపోవడం స్థానం నరసింహారావు సత్యభామను తలచుకునే మనకు వింత కాదు. ఇటు నుంచి అటు వెళ్లడమే అరుదు.

దాని గురించి ఆమె చెప్పిన మాట ఈ కేసు మొత్తానికి తాళం చెవి. ఎంపీగా వృద్ధుల ఆశ్రమాలకు తరచూ వెళ్లేదాన్ని, అక్కడ గమనించింది ఏమిటంటే వయసు మీరేకొద్దీ ఆడ మగ అన్న గోడలు బీటలు వారతాయి, మసకబారతాయి అన్నారు. లియర్‌కు ఆమె పరిశోధన అదీ. నటి హోదాలో వృద్ధాశ్రమానికి వెళ్లి ఉంటే వాళ్లు ఆమెను చూసేవారు. ఎంపీగా వెళ్లారు కనుక పింఛను గురించి, కారుతున్న పైకప్పు గురించి మాట్లాడారు, ఆమె వాళ్లను చూశారు.

భయం లేకపోలేదు. శరీరం నిలుస్తుందా, గొంతు నిలుస్తుందా అన్నది ఆమె పైకే చెప్పారు. పైగా జీవితమంతా సిగరెట్లు తాగిన మనిషి. ఆ విషయంలో నా దగ్గరికి వచ్చేవాళ్లెవరూ ఆమెను ఆదర్శంగా తీసుకోవద్దు. విమర్శకులు ప్రదర్శనలోని కొన్ని పోకడలను తప్పుపట్టారు కానీ ఆమె మాట స్పష్టత మీద, బలం మీద పేచీ పెట్టినవాళ్లు నాకు కనిపించలేదు. ఆ పాత్రకు మరుసటి ఏడాది ఈవెనింగ్ స్టాండర్డ్ ఉత్తమ నటి బహుమతి వచ్చింది.

2018లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ ఆల్బీ నాటకం త్రీ టాల్ విమెన్. తొంభై దాటిన వృద్ధురాలి వేషం, దానికి అమెరికా రంగస్థల బహుమతి టోనీ. ఆస్కార్, ఎమ్మీ, టోనీ మూడూ పూర్తయ్యాయి.

కేసు రాసేటప్పుడు అనుకూలమైనవే రాయకూడదు కనుక ఇదీ చెప్పాలి. 2019లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో మళ్లీ లియర్ వేశారు, ఈసారి సామ్ గోల్డ్ దర్శకత్వం, ఫిలిప్ గ్లాస్ సంగీతం, వేదిక మీదే వాద్య బృందం. అది కుదరలేదు. సమీక్షలు అటూ ఇటూగా వచ్చాయి, అనుకున్న తేదీ కంటే ముందే ఆపేశారు, ఆమెకు టోనీ నామినేషన్ కూడా రాలేదు. అదే నటి, అదే పాత్ర, మూడేళ్ల తేడా. నా లెక్కలో తేడా ఆమె గొంతులో లేదు, గొంతు చుట్టూ ఎంత చోటు వదిలారన్న దాంట్లో ఉంది. లండన్‌లో వేదిక దాదాపు ఖాళీ, రిహార్సల్ గదిలా ఉండేది. ఇంత స్పష్టంగా పలికే నటి చుట్టూ హంగులు పేర్చితే హంగులే వినపడతాయి.

అదే ఏడాది డిసెంబరులో బీబీసీలో ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్. మతిమరుపు జబ్బుతో ఉన్న మాడ్ అనే వృద్ధురాలు తప్పిపోయిన స్నేహితురాలిని వెతుకుతుంది. మాట మధ్యలో దారి తప్పి, మళ్లీ వాక్యం అందుకునే ఆ తీరు చూస్తుంటే నాకు 1964 నాటి నిద్ర జబ్బు రోగి గుర్తొస్తుంది. బ్రిటన్ టీవీ బహుమతి బాఫ్టా, అంతర్జాతీయ ఎమ్మీ వచ్చాయి. ఆఖరి సినిమా ద గ్రేట్ ఎస్కేపర్, 1975లో కలిసి నటించిన మైకేల్ కెయిన్‌తో. అది 2023 అక్టోబరులో విడుదలయ్యే నాటికి ఆమె లేరు. జూన్ 15న లండన్‌లో, 87వ ఏట పోయారు.

నా గదిలో

ఇదంతా రెండు మూడు వారాల్లో, పాఠాల మధ్య మధ్య, మా నాయనమ్మ వేషం ఆవిడకు చెప్పాను. రికార్డింగులు వినిపించాను. శ్రద్ధగా విన్నారు. పార్లమెంటు ప్రసంగం అయ్యాక అన్నారు: "ఆవిడకు ఆ ఇరవై మూడేళ్లూ ఎదురుగా ఆరువందల మంది ఉన్నారు మాస్టారూ. నాకున్నది కౌంటరు అద్దం, ఇంటికొస్తే కుక్కరు."

నా దగ్గర జవాబు లేదు. నిజమే. నా కేసు మొత్తం ఒక ఎంపీ మీద నిలబడింది.

ఆ రోజుకు పాఠం ఆపేసి టీ తెప్పించాను. ఏదో మాట్లాడుతూ ఇంట్లో ఎవరెవరుండేవారని అడిగాను. అత్తగారి సంగతి వచ్చింది. ఆవిడకు చివరి తొమ్మిదేళ్లు చూపు లేదు. రోజూ రాత్రి కోడలు పేపరు చదివి వినిపించాలి, సంపాదకీయంతో సహా.

"పైగా చెముడు. వాక్యం చివర నేను గొంతు దించానంటే, మళ్లీ మొదటి నుంచి చదవమనేవారు."

తొమ్మిదేళ్లు. రోజూ. చివరి మాట మింగితే శిక్ష. నేను డబ్బు తీసుకుని చేయించే కసరత్తు అదే.

మర్నాటి నుంచి నాటకం ప్రతి పక్కన పెట్టి ఆ రోజు పేపరు ఇచ్చాను. నేను గది చివరికి వెళ్లి వెనక్కి తిరిగి నిలబడ్డాను, చెవిటి అత్తగారిలాగా. సంపాదకీయం రెండో పేరాలోనే గొంతు లేచింది. ఊపిరికి మాత్రం ఆరు వారాలు పట్టింది. పడుకుని, పొట్ట మీద పుస్తకం పెట్టుకుని, అంకెలు లెక్కపెట్టే పాత పద్ధతే, కొత్తదేమీ లేదు. మోకాళ్ల నొప్పికి నా దగ్గర మందు లేదు. రెండో రంగంలో కింద కూర్చుని లేవవలసిన చోట కుర్చీ వేయించాం. డైలాగు మరిచిపోతానన్న భయం ప్రదర్శన నాటికీ పోలేదు, ఒకచోట మరిచిపోయారు కూడా. మనవడి వేషం వేసిన కుర్రాడు అందించాడు.

అంతకు నాలుగు రోజుల ముందు ఆఖరి రిహార్సల్‌కు నేనూ వెళ్లాను. దర్శకుడు యువకుడు, మంచివాడు. ఆవిడ మొదటి రంగం అయ్యాక దగ్గరికి వచ్చి, "అంతా బాగుందమ్మా, గొంతు మాత్రం కొంచెం వణికించండి, తొంభై ఏళ్లు కదా నాయనమ్మకు" అన్నాడు.

ఆవిడ నా వైపు చూడలేదు. "మా అత్తగారు తొంభై ఒకటికి పోయారు బాబూ. వణకడం నేను ఎప్పుడూ వినలేదు. అరవడమే" అని, తన చోటుకు వెళ్లి నిలబడ్డారు.